గవర్నర్‌పేటలో అమ్మ వంటిల్లు: పాత వంటగది మార్చేముందు ఏం చూసుకోవాలి?

పోయిన ఎపిసోడ్ తర్వాత చాలామంది ఒకటే అడిగారు. "మాది పాతిల్లు. వంటిల్లు చీకటిగా, ఇరుగ్గా ఉంటుంది. మాడ్యులర్ కిచెన్ పెట్టించుకుందామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?" అని. దీనికి మా ఇంటి సంగతే చెప్తాను. విజయవాడ గవర్నర్‌పేటలో మా అమ్మ వంటిల్లు మార్పించాం. అందులో బాగా కుదిరినవీ చెప్తాను, చేసిన పొరపాట్లూ చెప్తాను.

మా ఇల్లు బీసెంట్ రోడ్డు వెనక ఒక సందులో ఉంటుంది. తాతగారు కట్టించినది. కింద మేము, పైన అద్దెకున్నవాళ్లు. రెండు పక్కలా ఇళ్లు ఆనుకునే ఉంటాయి. వంటింటికి ఒక్కటే కిటికీ, అదీ వెనక సందులోకి. పొయ్యి గట్టు కడప బండ. సింకు తర్వాతెప్పుడో పెట్టించారు. మొదట్లో మూలనున్న తూము దగ్గర కూర్చునే అంట్లు తోమేవారు.

2016 కృష్ణా పుష్కరాలకి ఇంటినిండా చుట్టాలు. గ్రైండరు, ఓవెను కలిపి వేస్తే చాలు, ఫ్యూజు పోయేది. పుష్కరాలు అవగానే మార్పిద్దాం అనుకున్నాం. చుట్టాలు వెళ్లిపోయారు, ఆ మాట కూడా వాళ్లతోనే వెళ్లిపోయింది.

తర్వాత ఒక వానాకాలం అమ్మ సింకు దగ్గర తడిలో జారిపడింది. కుడిచేతి మణికట్టు విరిగింది. అప్పటికి అమ్మకి 68 ఏళ్లు. "ఇంక వంటమనిషిని పెట్టేద్దాం, అమ్మ వంటింట్లోకి వెళ్లక్కర్లేదు" అన్నాడు అన్నయ్య. అమ్మ వాడితో ఏమీ అనలేదు. రాత్రి నాతో మాత్రం, "విరిగింది చెయ్యిరా, వంట మర్చిపోయానా ఏంటి?" అంది.

ఆ మాటతో మా లెక్క మారిపోయింది. అమ్మ ఇంకో పదిహేనేళ్లు భయం లేకుండా వండుకోవాలి, అదీ అసలు పని. రంగులూ అద్దం తలుపులూ ఆ తర్వాత చూసుకుందాం అనుకున్నాం.

ముందు వండే మనిషిని కొలవండి

మూడు షోరూములు తిరిగాం. ముగ్గురూ మొదట అడిగింది రంగు. వండేది ఎవరు, ఆవిడ ఎత్తెంత అని ఒక్కరూ అడగలేదండీ.

గట్టు ఎత్తు ఎలా తేల్చుకోవాలో చెప్తాను. వండే మనిషిని చెప్పుల్లేకుండా నిటారుగా నిలబెట్టండి. మోచెయ్యి మడిచి, ముంజేయి నేలకి సమంగా పెట్టమనండి. నేల నుంచి మోచేతి దాకా కొలవండి. అందులోంచి నాలుగు నుంచి ఆరంగుళాలు తీసేస్తే అదే కూరలు తరగడానికి హాయిగా ఉండే ఎత్తు. అమ్మది 37 అంగుళాలు వచ్చింది. అందుకని గట్టు 32 పెట్టించాం. షోరూముల్లో చూపించినవన్నీ 34, 35. వాటి మీద గ్యాస్ పొయ్యి ఒక ఐదంగుళాలు, ఆపైన గిన్నె. పులుసు కలపాలంటే అమ్మ భుజం పైకెత్తాల్సిందే. అందుకే పొయ్యి ఉండే చోట గట్టుని ఇంకో మూడంగుళాలు దింపించాం.

రెండోది నడక. ఒకరోజు పొద్దున్నే కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను. ఫ్రిజ్జేమో హాల్లో, నీళ్లు ఒక మూల, పొయ్యి ఇంకో మూల. టిఫిను, వంట అయ్యేలోపు అమ్మ హాల్లోకి ముప్ఫైసార్లకు పైనే తిరిగింది. అది చూశాక ఫ్రిజ్జుని వంటింట్లోకి తేవాల్సిందే అనిపించింది.

ఈ అడుగుల లెక్క కొత్తదేం కాదండీ. మార్గరెటె షూటె లిహోట్‌స్కీ అని వియన్నా ఆర్కిటెక్టు ఒకావిడ 1926లో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్ అని ఒకటి రూపొందించింది. సుమారు 1.9 మీటర్లు వెడల్పు, 3.4 మీటర్లు పొడవు, అంతే. వంటపనిలో ఏ పనికి ఎంతసేపు పడుతుంది, ఎన్ని అడుగులు పడతాయి అని లెక్కలు చూసి గీసిన ప్లాను అది. ఇవాళ మనం మాడ్యులర్ కిచెన్ అంటున్నదానికి మూలం అదే. ఆ తర్వాత వచ్చిన లెక్క ఏంటంటే, పొయ్యి, సింకు, ఫ్రిజ్జు మధ్య మూడు దూరాలూ కలిపితే 13 అడుగులకి తగ్గకూడదు, 26 దాటకూడదు. మాకు 15 వచ్చింది.

కానీ ఆ ఫ్రాంక్‌ఫర్ట్ వంటింట్లో ఒక్క మనిషికే చోటు. ఇద్దరు పట్టరని అప్పట్లోనే విమర్శ వచ్చింది. మన ఇళ్లల్లో ఒకరు వండుతుంటే ఇంకొకరు కింద కూర్చుని కత్తిపీట మీద కూరలు తరుగుతారు కదా. ఇప్పుడు అమ్మ మోకాళ్లు కింద కూర్చోనివ్వవు. అందుకని కిటికీ పక్కన గట్టు కంటే కిందగా, కుర్చీలో కూర్చుంటే చేతికందేలా చిన్న బల్ల కట్టించాం. కింద అరలు పెట్టలేదు, కాళ్లు చాపుకోవడానికి ఖాళీగా వదిలేశాం. ఇవాళ ఆ ఇంట్లో అందరూ కూర్చునేది ఆ బల్ల దగ్గరే.

గోడ మీద చెయ్యి వేసేముందు

అన్నయ్యకి ఓపెన్ కిచెన్ కావాలి. హాలుకీ వంటింటికీ మధ్య గోడ కొట్టేస్తే వెలుతురొస్తుంది కదా అన్నాడు. మేస్త్రి కూడా "రెండు రోజుల పనండీ" అన్నాడు. ఇక్కడ జాగ్రత్త. ఇప్పటి అపార్ట్‌మెంట్లలో బరువంతా పిల్లర్లు, బీముల మీద ఉంటుంది, గోడ అడ్డు మాత్రమే. పాతిళ్లలో చాలావాటికి పిల్లర్లే ఉండవు, గోడలే మోస్తాయి. మా ఇంట్లో ఆ గోడ మీద పైవాళ్ల గోడ నిలబడి ఉంది. స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలిచి చూపిస్తే, తొమ్మిదంగుళాల గోడ, ముట్టుకోవద్దన్నారు. గోడ ఉంచేశాం. కిటికీని వెడల్పు చెయ్యకుండా, గుమ్మం తలుపు పైభాగానికి అద్దం వేయించాం. వెలుతురు చాలావరకు దాంతో వచ్చింది.

తర్వాత పైపులు. పాత ఇనప పైపులు గోడలోపల తుప్పుపట్టి సగం పూడుకుపోయాయి. కుళాయి సన్నగా రావడానికి అదే కారణం. అవి తీసేసి సీపీవీసీ వేయించాం. గోడ పూడ్చేముందు నీళ్లు నింపి, ఒత్తిడి పెట్టి, ఒక రాత్రంతా వదిలేసి చూడండి. టైల్స్ వేశాక లీకు బయటపడితే మళ్లీ అన్నీ పగలగొట్టాలి.

కరెంటు లెక్క మీరే చేసుకోవచ్చు. ఇండక్షన్ పొయ్యి 2000 వాట్లు, కెటిల్ 1500 వాట్లు. రెండూ ఒకేసారి వేస్తే 3500. దాన్ని 230 వోల్టులతో భాగిస్తే సుమారు 15 ఆంపియర్లు. మిక్సీ కోసం ఎప్పుడో లాగిన సన్న వైరు అంత మోయలేదు. వేడెక్కుతుంది. అందుకని వంటింటికి బోర్డు నుంచి విడిగా లైన్లు లాగించాం. పెద్ద వస్తువులకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సరైన ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాం. తడిచేత్తో స్విచ్చు ముట్టుకున్నప్పుడు కరెంటు మనిషి గుండా నేలలోకి పోతుంటే కనిపెట్టి, కన్ను మూసి తెరిచేలోపు ఆపేసేది ఇదే. వంటింట్లో ఇది లేకుండా పని ముగించకండి.

నేల గురించి ఒక్క మాట. మేస్త్రి ఆ తూము మూసేద్దాం అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. ఆవిడదే కరెక్టు. గరుకు టైల్స్ వేయించి, తూము వైపు వాలు పెట్టించాం. నీళ్లు పడితే నిలబడవు. అమ్మ జారింది ఆ నిలబడ్డ నీళ్లలోనే కదా.

గాలి, గ్యాసు

మే నెలలో బెజవాడ వంటిల్లంటే మీకు చెప్పక్కర్లేదు. చిమ్నీ కొనేముందు దాని గొట్టం బయటికి ఎటు వెళ్తుందో చూసుకోండి. దారి పొట్టిగా, వంపులు తక్కువగా ఉండాలి. గాలిని వడకట్టి మళ్లీ గదిలోకే వదిలే రకం మన తాలింపులకి చాలదు, వేడి అస్సలు పోదు. మాకు గొట్టం ఆరడుగుల్లో వెనక సందులోకి వెళ్లిపోయింది. కిటికీ పైన ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా ఉంచాం.

సిలిండర్లో ఉండే ఎల్‌పీజీ గాలికంటే బరువు. లీకైతే నేల మీద పేరుకుంటుంది. సిలిండరుని అరలో పెట్టి తలుపేస్తే, ఆ తలుపు అడుగున కన్నాలు ఉండి తీరాలి. భాగ్యనగర్ గ్యాస్ వాళ్లు మన ఊళ్లో ఇచ్చే పైపుగ్యాసు సహజవాయువు. అది గాలికంటే తేలిక, పైకి పోతుంది. దానికి పైన దారి ఉండాలి. ఇక సిలిండరు గొట్టం మీద తేదీ వేసి ఉంటుంది. ఐదేళ్లు దాటితే మార్చేయండి.

పొయ్యి చోటు మేం మార్చలేదు. ఆగ్నేయం మూల, తూర్పుకి తిరిగి వండటం అమ్మకి అలవాటు. వాస్తు సంగతి అలా ఉంచినా, పొయ్యీ సింకూ పాత చోటే ఉంటే పైపుల ఖర్చు మిగులుతుంది.

చెక్క, రాయి

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మా పిన్నిగారిల్లు అక్కడే. నీళ్లు తీశాక శుభ్రం చెయ్యడానికి వెళ్లాం. రెండేళ్ల కిందట పెట్టించుకున్న వంటింటి అరలు టీలో ముంచిన బిస్కెట్టులా ఉబ్బి, పట్టుకుంటే ఊడొచ్చాయి. పార్టికల్ బోర్డు. చెక్కపొడిని జిగురుతో అదిమి చేసేది. పిన్ని గుమ్మంలో కూర్చుని, "కొత్త వంటిల్లే, తనివితీరా వండనే లేదు" అని ఏడ్చింది.

గవర్నర్‌పేటకి వరద రాకపోయినా సింకు కింద ప్రతి ఇంట్లో చిన్న వరదే. ప్లైవుడ్ మీద ముద్ర చూడండి. ఐఎస్ 710 అని ఉంటే మెరైన్ రకం, నీళ్లకి గట్టిగా తట్టుకుంటుంది. ఐఎస్ 303లో రెండు రకాలున్నాయి: బీడబ్ల్యూఆర్ కొంత తట్టుకుంటుంది, ఎంఆర్ చెమ్మకే గానీ నీళ్లకి కాదు. సన్‌మైకా అంటించాక ముద్ర కనపడదు. కాబట్టి షీట్లు ఇంటికొచ్చిన రోజే చూసుకోవాలి.

మేమైతే గట్టు కింద చెక్క పెట్టెలే వద్దనుకున్నాం. ఇటుక గోడలు లేపి, పాత గట్టు కడప బండనే కోయించి అరలుగా వేయించాం. తలుపులకి మాత్రం మెరైన్ ప్లై. పైన గట్టుకి చీమకుర్తి గ్రానైటు. పాలరాయి చూడ్డానికి బాగుంటుంది గానీ నిమ్మకాయ, చింతపండు పులుపుకి తినేస్తుంది. కడప బండ కూడా సున్నపురాయే. పాత గట్టు మీద మచ్చలన్నీ అలా వచ్చినవే. గ్రానైటుకి ఆ బాధ లేదు. నల్లరాయి వెలుతురు మింగేస్తుంది కాబట్టి గోడలకి తెల్ల టైల్స్ వేసి, పై అరల అడుగున లైట్లు పెట్టించాం. అంతకుముందు ట్యూబులైటు వెనక గోడకి ఉండేది. అమ్మ నీడే కూరల మీద పడేది.

మేం చేసిన పొరపాట్లు

ఒకటి, పని మే నెలలో మొదలుపెట్టాం. సరిగ్గా ఆవకాయ రోజులు! వరండాలో పొయ్యి పెట్టుకుని, ఇరవై ఐదు రోజులన్న పని ఏడు వారాలైతే, ఆ ఏడాది ఆవకాయ అక్క వాళ్లింట్లో కలిపారు.

రెండు, పై అరలు స్లాబు దాకా కట్టించాం. అమ్మకి మొదటి అరే అందుతుంది. ఇప్పుడు ఆ పైవాటిల్లో ఏముందో మాలో ఎవరికీ తెలీదు.

మూడు, సొరుగులన్నీ షోరూము కొలతలకి చేయించాం. ఊరగాయ జాడీలు పట్టలేదు. ఉన్న సామాన్లు ముందు కొలిచి, తర్వాత అరలు గీయించుకోండి.

డబ్బు విషయంలో ఒక్కటే చెప్తాను. చదరపు అడుగుకి ఇంత అంటే ఆగి అడగండి. తలుపు కొలతా, లోపలి పెట్టె కూడానా? కీళ్లు, సొరుగుల పట్టాలు అందులోనేనా? అది కాగితం మీద రాయించుకోండి. డబ్బు తక్కువైతే తలుపులు వచ్చే ఏడాది పెట్టించుకోవచ్చు. పైపులు, వైర్లు, నేల మాత్రం ఇప్పుడే చేయించాలి.

పని పూర్తయ్యాక అమ్మ మొదటిరోజు పప్పు, దొండకాయ వేపుడు చేసింది. ఎలా ఉందమ్మా అంటే, "కొత్తగా ఉంది, అలవాటు పడాలి" అంది, అంతే. ఓ నెల తర్వాత అన్నయ్య మళ్లీ వంటమనిషి మాట ఎత్తాడు. ఈసారి అమ్మ నవ్వి, "పెట్టుకోరా. మీ ఇంట్లో," అంది.

మీ వంటింట్లో వండే మనిషి మోచేతి ఎత్తెంతో ఇవాళే కొలిచి ఒక కాగితం మీద రాసుకోండి. షోరూముకి వెళ్లినప్పుడు ముందు ఆ కాగితం చూపించండి. వచ్చే ఎపిసోడ్‌లో పాతిళ్ల మిద్దెల మీద చెమ్మ గురించి మాట్లాడుకుందాం. ఉంటానండీ.