షాకబ్జార్బరుకు వైరు ఉందా? మార్చే ముందు ఆగండి!

ఒక కారుది మరో కారుకు పనికిరాదు – డబ్బు పెట్టే ముందే జత చూసుకోవాలి

పల్లె రోడ్ల గతుకులకు ముందుగా బలయ్యేవి బండి షాకబ్జార్బర్లే. బొలెరో, పాత ఇన్నోవా వంటి బండ్లకు ఇవి పోతే పెద్ద బెంగ లేదు. దగ్గరి పట్నంలో మెకానిక్కు పాతవి విప్పి అదే రకం కొత్తవి బిగిస్తే పొద్దుగూకేలోగా బండి ఇల్లు చేరుతుంది. సెకండ్‌హ్యాండులో చౌకగా వచ్చిందని కొనే ఖరీదైన కార్ల సంగతి అలా కాదు. వాటిలో కొన్నింటికి ఎలక్ట్రానిక్ షాకబ్జార్బర్లు ఉంటాయి. అవి పోయినప్పుడు ఏదో ఒకటి తెచ్చి బిగిస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ప్రయాణికుల ప్రాణాలకూ ముప్పు తప్పదు.

అసలు పని ఏమిటి?

బండి బరువు మోసేది స్ప్రింగు లేదా కమాను పట్టీ. గుంతలో పడి లేచిన బండి ఊగుతూనే ఉండకుండా ఆపేది షాకబ్జార్బరు. దాని గొట్టంలో నూనె, ఆ నూనెలో కదిలే పిస్టను, పిస్టనుకు సన్నని దారులు ఉంటాయి. దారి ఇరుకైతే బండి బిగువుగా, వెడల్పయితే మెత్తగా నడుస్తుంది. మామూలు రకంలో ఈ దారుల కొలత ఫ్యాక్టరీలోనే ఖాయమవుతుంది. ఎలక్ట్రానిక్ రకంలో కరెంటుతో పనిచేసే వాల్వు దాన్ని అప్పటికప్పుడు మారుస్తుంది. చక్రాల కదలిక, వేగం, స్టీరింగు తిప్పిన తీరు సెన్సార్ల ద్వారా కంట్రోల్ యూనిట్ అనే పెట్టెకు చేరతాయి. ఎంత బిగువు కావాలో ఆ పెట్టె రెప్పపాటులో నిర్ణయిస్తుంది.

ఇది నిన్నా మొన్నా వచ్చిన విద్య కాదు. జపాన్‌కు చెందిన టయోటా కంపెనీ 1983లోనే సోరర్ కారుకు ఎలక్ట్రానిక్ పద్ధతి అమర్చింది. 2002లో అమెరికాలో కాడిలాక్ సెవిల్ కారుకు మరో రకం వచ్చింది. అందులో వాల్వు బదులు ఇనుప రజను కలిసిన నూనె ఉంటుంది. కరెంటు పారితే అయస్కాంత బలానికి ఆ నూనె చిక్కబడి బండి బిగుస్తుంది. మన దేశంలో మహీంద్రా కంపెనీ 2024 నవంబరులో విడుదల చేసిన ఎలక్ట్రిక్ కార్లలో ఖరీదైన రకాలకు కూడా ఎలక్ట్రానిక్ షాకబ్జార్బర్లు ఉన్నాయి.

బోల్టు కుదిరితే చాలదు

చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక రకంలో పైన ఉన్న చిన్న మోటారు లోపలి కడ్డీని తిప్పుతుంది. ఇంకో రకంలో వాల్వు, మరో రకంలో తీగచుట్ట పనిచేస్తాయి. ఒక్కోదానికి కావలసిన కరెంటు వేరు, పెట్టె మాట్లాడే భాష వేరు. బోల్టు సరిపోయినా, వైరు కనెక్టరు ఇమిడినా, పెట్టె దాన్ని గుర్తించకపోతే డబ్బు నూతిలో పోసినట్లే. ఒకే పేరు గల కారులోనూ చౌక రకానికి మామూలువి, ఖరీదైన రకానికి ఎలక్ట్రానిక్‌వి ఉండవచ్చు. చౌక రకంలో ఆ వైరింగు, పెట్టె, సెన్సార్లు ఉండవు. కాబట్టి షాకబ్జార్బర్లు మాత్రం తెచ్చి బిగించినా ఫలితం ఉండదు.

వైరు తీసేసి మామూలువి బిగిస్తే సరిపోదా అని కొందరి ప్రశ్న. అలా చేస్తే పెట్టెకు జవాబు అందక డాష్‌బోర్డుపై హెచ్చరిక దీపం వెలుగుతుంది. ఆ దీపం వెలగకుండా పెట్టెను మభ్యపెట్టే పరికరాలు బజారులో దొరుకుతాయి. దీపం ఆరినంత మాత్రాన బండి బాగుపడినట్లు కాదు. స్ప్రింగుకు, బండి బరువుకు తగని షాకబ్జార్బరు బిగిస్తే గతుకుల్లో చక్రం నేలను వదులుతుంది. బ్రేకు వేసినా బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. ఒక పక్క ఒక రకం, రెండో పక్క మరో రకం వేస్తే మలుపులో బండి ఒడుపు తప్పుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లే అవుతుంది. స్ప్రింగు బదులు గాలి బుడ్డ ఉండే కార్లలో చాలావాటికి షాకబ్జార్బరు ఆ బుడ్డతో కలిసే ఉంటుంది. దాన్ని విడిగా మార్చే వీలు ఉండదు.

కుదిరే దారులు

మామూలు కారుకు ఈ సౌకర్యం కావాలంటే సొంత పెట్టెతో వచ్చే కిట్లు ఉన్నాయి. జపాన్‌కు చెందిన టీన్ కంపెనీ కిట్టులో చిన్న మోటార్లు షాకబ్జార్బరు పైనున్న మరను తిప్పుతాయి. బిగువు మార్చుకునే మర ఉన్న వాటికే అది పనికొస్తుంది. పుట్టుకతోనే ఎలక్ట్రానిక్‌వి ఉన్న కొన్ని కార్లకు, పాత వైరుకే తగిలించుకునేలా జర్మనీకి చెందిన బిల్‌స్టీన్, కేడబ్ల్యూ కంపెనీలు షాకబ్జార్బర్లు తయారు చేస్తున్నాయి. ఏది ఏ కారుకో ఆ కంపెనీల పట్టికల్లో ఉంటుంది. పట్టికలో లేని కారుకు బిగించడం జూదమే.

కొనే ముందు

సెకండ్‌హ్యాండు కారు బేరమాడే ముందు చక్రం వెనక చూడాలి. షాకబ్జార్బరుకు గాని, దాని పైకొసకు గాని వైరు వచ్చి తగిలితే అది ఎలక్ట్రానిక్ రకమని అనుమానించాలి. ప్రకటనలో గొప్పగా చెప్పినవన్నీ ఆ కోవలోకి రావు. 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ 700 షాకబ్జార్బర్లు గతుకును బట్టి బిగువు మార్చుకుంటాయి గాని, అది లోపలి వాల్వు చలవే. కరెంటుతో పని లేదు.

మార్చవలసి వస్తే పాతదానిపై ఉన్న పార్టు నంబరును చివరి అక్షరం వరకు రాసుకోవాలి. కారు ఛాసిస్ నంబరు చెప్పి షోరూములో సరిచూసుకోవాలి. ముందువైనా వెనకవైనా రెండు పక్కలా ఒకేసారి మార్చడం మంచిది. బిగించాక కంప్యూటరు తగిలించి సెన్సార్లను సరిచేసే సదుపాయం మెకానిక్కు దగ్గర ఉందో లేదో ముందే అడగాలి. బండి ఎత్తు మార్చే ఆలోచన ఉన్నవారు రవాణా శాఖ కార్యాలయంలో కనుక్కోవాలి. కంపెనీ నిర్దేశించిన వివరాలకు తేడా వచ్చే మార్పులను 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అనుమతించదు.

ఈ ఖర్చంతా లెక్క వేసుకున్నాకే కారుకు బయానా ఇవ్వడం మేలు. గతుకుల దారిలో నిత్యం తిరిగే బండికి సరిజోడైన మామూలు షాకబ్జార్బర్లు నాలుగు మంచివి ఉంటే చాలు.