'వార్ పిగ్స్' పాట - వస్తువు, రూపం

రాక్ సంగీతమనగానే అది యువతరాన్ని మత్తులో ముంచే సరుకని కొట్టిపారేయడం మన విమర్శలో ఒక అలవాటు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని ఏ కళారూపాన్నయినా అది పుట్టిన నేల నుంచీ, పుట్టించిన మనుషుల బతుకు నుంచీ విడదీసి తూచితే ఆ తూకం తప్పుతుంది. 1970లో ఇంగ్లండులో బ్లాక్ సబ్బాత్ బృందం వెలువరించిన 'వార్ పిగ్స్' పాట ఇందుకు మంచి ఉదాహరణ. 'యుద్ధపు పందులు' అని దాని అర్థం.

గిటారిస్టు టోనీ అయోమీ, బాస్ గిటారిస్టు గీజర్ బట్లర్, డ్రమ్మర్ బిల్ వార్డ్, గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ - నలుగురూ 1948-49లలో పుట్టినవారు. బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ అనే శ్రామికవాడలో పెరిగారు. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మన్ బాంబులు పడిన ప్రాంతమది. శిథిలాల మధ్య ఆడుకున్న తరం వారిది. ఆస్‌బోర్న్ కొంతకాలం పశువధశాలలో పనిచేశాడు. అయోమీ రేకుల ఫ్యాక్టరీలో కార్మికుడు.

ఆ ఫ్యాక్టరీలోనే 1965లో, పదిహేడేళ్ళ వయసులో, ఉద్యోగం మానేస్తున్న చివరి రోజున అయోమీ కుడిచేతి రెండు వేళ్ళ కొనలు యంత్రంలో తెగిపోయాయి. అతడు ఎడమచేతివాటం మనిషి కనుక గిటారు తీగలను నొక్కవలసింది ఆ కుడిచేతి వేళ్ళే. నిప్పులో చెయ్యి కాలినా గిటారు వదలని జాంగో రైన్‌హార్ట్ రికార్డును ఫ్యాక్టరీ ఫోర్‌మన్ వినిపించాడు. ప్లాస్టిక్ సీసాను కరిగించి, పైన తోలు అంటించి, అయోమీ తన వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. తొడుగు వేసిన వేలికి తీగ స్పర్శ తెలియదు. అందుకని పలుచని తీగలు వాడాడు. 1971 నాటి ఆల్బం నుంచి తీగల బిగువు సడలించి శ్రుతి కూడా తగ్గించాడు. కొన్ని కార్డులు పట్టలేని లోటును నాదాన్ని బరువెక్కించి పూడ్చుకున్నాడు. హెవీ మెటల్ అని తరువాత పేరుపడ్డ శైలికి ఇదొక మూలం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. గాయమే కళను పుట్టించిందని మురిసిపోకూడదు. అలాంటి యంత్రాల కింద వేళ్ళు పోగొట్టుకున్న కార్మికులెందరో ఉన్నారు. వారిలో ఎక్కువమందికి మిగిలింది మొండి వేళ్ళే. రూపం పుట్టింది గాయం నుంచి కాదు, ఆ గాయానికి లొంగని సాధన నుంచి.

పాట విషయానికి వద్దాం. స్విట్జర్లాండు క్లబ్బుల్లో రోజుకు పలుసార్లు వాయించవలసి వచ్చినప్పుడు, ఉన్న పాటలు చాలక సాగదీసి వాయించుకున్న బాణీల్లోంచి ఇది రూపుదిద్దుకుంది. మొదటి పేరు 'వాల్‌పర్గిస్'. మంత్రగత్తెలు కూడే రాత్రికి ఆ పేరు. సాహిత్యం ప్రధానంగా బట్లర్‌ది. అప్పటికి వియత్నాం యుద్ధం సాగుతోంది. 1969 నవంబరులో మైలాయ్ హత్యాకాండ బయటపడింది. అసలైన సైతాను యుద్ధమేనని బట్లర్ వాదం. తీర్మానాలు చేసే నాయకులు ఇంట్లో కూర్చుంటారు, చావడానికి పేదలను పంపుతారు - ఇదే పాటకు వస్తువు.

సేనాధిపతులు గుంపుకూడడాన్ని మంత్రగత్తెల క్షుద్రపూజతో పోల్చేచోట, చరణాంతంలో 'మాసెస్' అన్న ఒకే పదం రెండుసార్లు వస్తుంది. ప్రాస దొరకక అదే మాట తిప్పి వేశాడని పలువురు ఎగతాళి చేశారు. కాని మొదటిసారి దానికి గుంపులని అర్థం, రెండవసారి పూజలని. మన ఆలంకారికులు దీన్ని యమకమంటారు. రెండు సమావేశాలూ ఒకటేనని ఆ పదమే చెబుతోంది. రూపం కూడా వస్తువుకు తగ్గట్టే ఉంది. ఈడ్చుకుపోయే మొదటి లయ మీద వైమానిక దాడి సైరను మోగుతుంది. ఆ తరువాత వాద్యాలు ఒక్కసారి కొట్టి ఆగిపోతే, ఆ ఖాళీలో గాయకుడి గొంతు ఒంటరిగా ఆరోపణ చదువుతుంది. ఆస్టన్ పెద్దలకు ఆ సైరను అలంకారం కాదు, జ్ఞాపకం.

ఆల్బంకు మొదట 'వార్ పిగ్స్' అనే పేరే అనుకున్నారు. చివరకు 1970 సెప్టెంబరు 18న అది 'పారనాయిడ్' పేరుతో వచ్చింది. ఖాళీ పూరించడానికి హడావుడిగా కట్టిన ఆ చిన్నపాట బ్రిటిష్ పట్టికలో 4వ స్థానానికి ఎక్కింది, ఆల్బం 1వ స్థానానికి చేరింది. అట్ట మీద కత్తీ డాలూ పట్టిన మనిషి మాత్రం పాత పేరుకు సాక్షిగా మిగిలిపోయాడు. మార్కెట్టు పేరును మార్చగలదు గాని అన్ని గుర్తులనూ చెరపలేదు.

పాట పరిమితినీ దాచనక్కరలేదు. చివరి చరణంలో యుద్ధోన్మాదులకు శిక్ష వేసేది దేవుడు, నవ్వేది సైతాను. చనిపోయిన పేదవాడు తీర్పరిగా నిలబడడు. యుద్ధం వెనక లాభాల లెక్కలూ కనిపించవు. కోపం గురి తప్పలేదు గాని దారి ఆకాశం వైపు మళ్ళింది. కాథలిక్ కుటుంబంలో పెరిగిన కవికి న్యాయమంటే తెలిసిన బొమ్మ అదే.

అయినా 2025 జూలై 5న ఆస్టన్‌లోని విల్లా పార్క్‌లో ఆ నలుగురూ చివరిసారి కలిసినప్పుడు మొదట అందుకున్నది ఈ పాటనే. పదిహేడు రోజులకు ఆస్‌బోర్న్ కన్నుమూశాడు. వియత్నాం యుద్ధం 1975లోనే ముగిసింది. పేదలను యుద్ధానికి పంపే పద్ధతి మాత్రం ముగియలేదు. కనుకనే పాటకు కాలం చెల్లలేదు. నినాదం నిలవాలంటే దానికి తగిన నాదం కావాలని ఈ పాట రచయితలకు చెబుతుంది. ఆ నాదం ఎవరి చేతుల్లోంచి వచ్చిందో చూడమని విమర్శకులకు చెబుతుంది.