జనం గిట్టనివాళ్ళకి తొలి క్రూజ్

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలకి నయాగరా, న్యూయార్క్ అయ్యాక ఇప్పుడు మూడో మజిలీ క్రూజ్. సియాటిల్‌లో ఉద్యోగం చేసే కొడుకు అలాస్కా అంటాడు. డాలస్‌లో ఉండే కూతురు గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికో వైపు వెళ్ళే ఓడ చూస్తుంది. టికెట్లు కొనేశాక ఫోన్ చేసి చెబుతారు. అప్పుడు రాజమండ్రిలోనో వరంగల్‌లోనో ఒక మనిషి గుండెల్లో రాయి పడుతుంది. తిరునాళ్ళంటే ఆమడ దూరం పోయే మనిషి, పెళ్ళిలో అక్షింతలు వేసి భోజనం కూడా చెయ్యకుండా బయటపడే మనిషి. నాలుగు వేల మందితో వారం రోజులు, మధ్యలో దిగిపోయే దారి కూడా లేకుండా ఎలాగన్నది ఆ మనిషి బెంగ.

బెంగ ఉత్తదేమీ కాదు. కానీ ఓడలో జనం అన్ని చోట్లా అన్ని వేళలా ఒకేలా ఉండరు. వాళ్ళకి వేళలున్నాయి, దారులున్నాయి. అవి తెలిసినవాళ్ళకి అంత పెద్ద ఓడలోనూ ఒంటరిగా కూర్చునే చోటు దొరుకుతుంది. తెలియనివాళ్ళు చిన్న ఓడలో కూడా క్యూలోనే గడుపుతారు.

ముందు ఓడ సంగతి. పెద్ద ఓడ అంటే రద్దీ, చిన్న ఓడ అంటే ప్రశాంతం అనుకుంటాం. లెక్క చూస్తే అలా తేలదు. ఓడ పరిమాణాన్ని గ్రాస్ టన్నేజీలో చెబుతారు. పేరులో టన్ను ఉన్నా అది బరువు కాదు, ఓడ లోపల ఎంత చోటుందో చెప్పే కొలత. దాన్ని ప్రయాణికుల సంఖ్యతో భాగిస్తే ఒక్కొక్కరి వాటాకి ఎంత చోటు వస్తుందో తెలుస్తుంది. ఈ వాటా 30 దగ్గర ఉంటే ఇరుకు, 40 దాటితే ఫర్వాలేదు, 50 దాటితే హాయి అని మోటుగా గుర్తుపెట్టుకోవచ్చు.

మన తీరంలో తిరిగే కార్డీలియా వారి ఎంప్రెస్ ఓడ 1990లో కట్టినది. 2022లో విశాఖ రేవుకీ వచ్చింది. దాని టన్నేజీ దాదాపు 48,500. గదులు ఎనిమిది వందలకి కాస్త తక్కువ, అంటే గదికి ఇద్దరు చొప్పున దాదాపు 1,600 మంది. తలకి 30. వైకింగ్ కంపెనీ సముద్రపు ఓడల టన్నేజీ కూడా ఇంచుమించు అంతే, 47,800. కానీ అందులో ఎక్కేది 930 మందే, అదీ 18 ఏళ్ళు నిండినవాళ్ళే. తలకి 51. రెండూ ఒకే సైజు ఓడలు, అనుభవంలో మాత్రం ఎక్కడా పొంతన ఉండదు. టికెట్ ధరలో కూడా ఉండదనుకోండి.

ఇక అందరూ భయపడే ఐకాన్ ఆఫ్ ద సీస్. 2024 జనవరిలో మయామీ నుంచి తిరగడం మొదలుపెట్టిన ఈ ఓడ టన్నేజీ రెండున్నర లక్షలకి కాస్త తక్కువ. గదికి ఇద్దరు చొప్పున 5,610 మంది పడతారు. భాగిస్తే 44 వస్తుంది, ఎంప్రెస్ కంటే ఎంతో నయం. అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. గదుల్లో మూడో మంచం, నాలుగో మంచం కూడా ఉంటాయి. అవన్నీ నిండితే ఆ ఓడలో 7,600 మంది ఉంటారు. అప్పుడు తలకి 33 కూడా రాదు. ఆ మంచాలు నింపేది పిల్లలు, నిండేది స్కూలు సెలవుల్లో. కాబట్టి ఏ ఓడ అన్నదాంతో పాటు ఏ వారం అన్నది కూడా చూసుకోవాలి. అమెరికా నుంచి వెళ్ళేట్టయితే క్రిస్మస్ వారాలు, మార్చిలో స్ప్రింగ్ బ్రేక్, జూన్ నుంచి ఆగస్టు దాకా వేసవి సెలవులు తప్పించాలి. అలాస్కాకి మే నెల, సెప్టెంబరు మంచివి. చలి కొంచెం ఎక్కువ, పిల్లల గోల చాలా తక్కువ. కరీబియన్ వైపైతే జనవరి మొదటి వారం దాటాక, లేదా థాంక్స్‌గివింగ్ అయ్యాక డిసెంబరు మొదట్లో.

రోజుల సంఖ్య కూడా చూడాలి. మూడు నాలుగు రాత్రుల వారాంతపు ప్రయాణాలు చౌక. స్నేహితుల గుంపులు, పుట్టినరోజుల బృందాలు ఎక్కేవి అవే. మూడు రోజుల్లోనే డబ్బంతా రాబట్టుకోవాలన్న ఆత్రం అందరిలోనూ ఉంటుంది. మొదటిసారి కదా, చిన్నదానితో మొదలుపెడదాం అనుకోవడం సహజమే గానీ, జనం పడనివాళ్ళకి అదే తప్పు సలహా. రాత్రుల సంఖ్య పెరిగేకొద్దీ ప్రయాణికుల వయసు పెరుగుతుంది, గొంతులు తగ్గుతాయి.

ఎక్కాక ఏం జరుగుతుందో చూద్దాం. మొదటి రోజు మధ్యాహ్నం అన్నిటికంటే గడ్డుకాలం, ఇది ముందే చెప్పడం మంచిది. టెర్మినల్‌లో తనిఖీ, పాస్‌పోర్టుల వరస, పైకెక్కాక గదులు ఇంకా సిద్ధం కాలేదంటారు. చేతిసంచులతో సహా ఓడంతా పైడెక్ మీది బఫేకి పోతుంది. క్రూజ్ అంటే వారమంతా ఇదేనా అని బెంబేలుపడేది ఆ రెండు గంటల్లోనే. ఆ రోజు భోజనం బఫేలో చెయ్యకండి. చాలా ఓడల్లో కింది అంతస్తుల్లో మరో హోటలో కాఫీ కొట్టో తెరిచే ఉంటుంది, ఎవరూ అటు చూడరు. లేదా ఎక్కే సమయం ఎంచుకునేటప్పుడే చివరి గంట తీసుకోండి. భోంచేసి వెళ్తే గది తాళం తీసి ఉంటుంది, క్యూ కరిగిపోయి ఉంటుంది.

అదే రోజు మస్టర్ డ్రిల్ అని ఒకటుంటుంది. ప్రమాదం వస్తే ఎక్కడ గుమిగూడాలో నేర్పే కసరత్తు, తప్పించుకోవడానికి లేదు. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకర్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయినప్పుడు, ఆ రోజే ఎక్కిన వందల మందికి ఇంకా డ్రిల్ జరగలేదు. ఆ తర్వాత ఓడ కదలకముందే, లేదా కదలగానే చెయ్యాలన్న నిబంధన వచ్చింది. వెనకటికి వేలమందిని డెక్ మీద వరసల్లో అరగంట నిలబెట్టేవారు. కోవిడ్ తర్వాత చాలా కంపెనీలు పద్ధతి మార్చాయి. వీడియో ఫోన్‌లో చూసి, మీ స్థలానికి వెళ్ళి కనిపించి వస్తే సరిపోతుంది. ఎక్కగానే వెళ్ళిపోతే రెండు నిమిషాల పని, ఆఖర్లో వెళ్తే అక్కడా క్యూనే.

మర్నాటి నుంచి జనం కదలిక ఒక పద్ధతిలో పడుతుంది. సముద్రం మీదే ఉండే రోజు పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఈతకొలను చుట్టూ కుర్చీ దొరకదు. తెల్లారకముందే తువ్వాళ్ళు పరిచి కుర్చీలు ఆక్రమించుకుని టిఫినుకి పోయే రకం అన్ని దేశాల్లోనూ ఉన్నారు, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి చేతిరుమాలు వేసిన జాతి మనది గనక మనం పెద్దగా ఆశ్చర్యపోం. రేవులో ఆగే రోజు ఇదంతా తిరగబడుతుంది. ఎనిమిదింటి నుంచి పదింటి మధ్య ఓడ ఖాళీ అయిపోతుంది. ఆ రోజు దిగకుండా ఉండిపోతే వేల మందికి కట్టిన కొలను, గ్రంథాలయం, వేడినీళ్ళ తొట్లు పదిమందివి. ప్రతి రేవులోనూ దిగితీరాలన్న చట్టం ఏదీ లేదు. డబ్బు పెట్టి వచ్చి ఊరు చూడకపోతే ఎలా అని ఇంట్లోవాళ్ళు అంటారు. ఒక రేవు వదులుకోండి, మిగతావి చూడండి.

భోజనాలదీ ఇదే కథ. బఫే పొద్దున ఎనిమిదిన్నరకి, ఓడ తిరిగి రేవు వదిలిన గంటలోపు కిక్కిరిసి ఉంటుంది. అదే సమయంలో పెద్ద డైనింగ్ హాలు కూడా టిఫినుకి తెరిచే ఉంటుంది, దానికీ టికెట్‌లోనే డబ్బు కట్టేశారు, కూర్చున్న చోటికే తెచ్చి వడ్డిస్తారు. చాలామందికి ఆ సంగతే తెలియదు. రాత్రి భోజనానికి ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఎనిమిది మంది బల్ల మీద కూర్చోబెడతారేమోనని భయముంటే, బుక్ చేసేటప్పుడే ఇద్దరి బల్ల అడగాలి. రెండు విడతల భోజనాలున్న ఓడలో రెండోది మేలు. మొదటి విడత తినేవేళకి కొలను దగ్గరా పైడెక్ మీదా ఎవరూ ఉండరు, సూర్యాస్తమయం మీదే. శాకాహారులు ముందురోజు రాత్రే హెడ్ వెయిటర్‌కి చెబితే పెద్ద కంపెనీల ఓడల్లో పప్పు, కూర, అన్నం చేసిపెట్టడం మామూలే. వంటవాళ్ళలో, వడ్డించేవాళ్ళలో మనవాళ్ళు చాలామందే ఉంటారు. పెట్టెలో కరెంటు కుక్కర్ మాత్రం పెట్టుకోకండి. కుక్కర్లు, కెటిళ్ళు, ఇస్త్రీపెట్టెలు తనిఖీలోనే తీసి ఉంచేసుకుని దిగేటప్పుడు ఇస్తారు.

లిఫ్టుల దగ్గర ఓపిక కావాలి. నాటకశాలలో ప్రదర్శన వదిలిన పావుగంట, రేవు నుంచి జనం తిరిగొచ్చే ఆఖరి గంట, ఈ రెండు వేళలూ వదిలేస్తే మిగతా రోజంతా ఇబ్బంది ఉండదు. ఇంకో మాట, ఓడ మధ్యభాగం లిఫ్టులకే అందరూ పోతారు. వెనకవైపువి వాడండి.

గది ఎంపిక దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. మద్యం ప్యాకేజీ, ఖరీదైన హోటళ్ళు, విహారయాత్రలు, వీటిలో దేన్నయినా తగ్గించుకోండి గానీ బాల్కనీ గది తీసుకోండి. తలుపు వేసుకుంటే సముద్రం, మీరు, అంతే. లోపలి గదికి కిటికీయే ఉండదు, నూటయాభై చిల్లర చదరపు అడుగుల చోటులో ఎంతసేపని ఉంటారు? గాలి కోసం బయటికి వచ్చి మళ్ళీ జనంలోనే పడతారు. గది పైనా కిందా కూడా గదులే ఉన్న అంతస్తు చూసుకోవాలి. బఫే కిందో, నాటకశాల పైనో ఇస్తే కుర్చీల ఈడ్పులు, డప్పులు వినాలి. కడుపులో తిప్పే గుణం ఉన్నవాళ్ళకి ఓడ మధ్యలో, కాస్త కింది అంతస్తు నయం. ఓడ పటం కంపెనీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, గది నంబరు మీరే ఎంచుకోవచ్చు. పిల్లలకి వదిలేస్తే ఏది చౌకైతే అది నొక్కేస్తారు.

పెద్దలకే ప్రత్యేకించిన చోట్లు కూడా కొన్ని ఓడల్లో ఉన్నాయి. రాయల్ కరీబియన్‌లో సోలేరియం, కార్నివాల్‌లో సెరెనిటీ అంటారు, వాటికి అదనపు రుసుము లేదు. కొన్ని కంపెనీలు డబ్బు తీసుకుంటాయి.

అలాస్కా గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అక్కడ ఓడ కంటే ఊళ్ళే కిటకిటలాడతాయి. స్కాగ్వే జనాభా దాదాపు 1,200. రద్దీ రోజున అక్కడ పది వేలకు పైగా ప్రయాణికులు దిగుతారు. రాజధాని జూనోలో ఉండేది ముప్పై రెండు వేల మంది, 2023లో ఓడల మీద వచ్చినవాళ్ళు పదహారు లక్షల పైచిలుకు. ఊరివాళ్ళు మొత్తుకుంటే 2024 నుంచి రోజుకి అయిదు పెద్ద ఓడలకే అనుమతి అన్నారు. 2026 నుంచి పడకల లెక్కన పరిమితి పెట్టారు, రోజుకి 16,000, శనివారం 12,000. అయినా అది చిన్న సంఖ్య కాదు. ఏ రేవులో ఏ రోజు ఎన్ని ఓడలుంటాయో నెలల ముందే ప్రకటిస్తారు. బుక్ చేసేముందు ఆ పట్టిక చూస్తే, అయిదు ఓడల మధ్య దిగాలో రెండింటి మధ్య దిగాలో మీ చేతుల్లోనే ఉంటుంది.

గ్లేసియర్ బే ఇందుకు మినహాయింపు. ఆ జాతీయ వనంలోకి రోజుకి రెండే క్రూజ్ ఓడల్ని రానిస్తారు. మంచుకొండ ఎదురుగా రాగానే ఓడంతా పైడెక్ ముందుభాగానికి ఎగబడుతుంది, భుజాలు రాసుకుంటూ ఫోన్లు పైకెత్తి నిలబడతారు. తొందరపడక్కర్లేదు. ఓడ అక్కడ చాలాసేపు ఆగి నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతుంది, రెండు వైపులవాళ్ళకీ కొండ కనబడాలనే. మీ బాల్కనీలో శాలువా కప్పుకుని కూర్చుంటే మంచుకొండే మీ ముందుకి వస్తుంది. దానికోసమైనా ఏ ఓడ గ్లేసియర్ బేలోకి వెళ్తుందో అడిగి మరీ ఎంచుకోండి, అన్నీ వెళ్ళవు.

దిగే రోజు పొద్దున మళ్ళీ రద్దీ తప్పదు. ముందు రాత్రే పెట్టెలు గది బయట పెట్టించి, రంగు చీటీల ప్రకారం పిలుస్తారు. ఆలస్యపు రంగు అడగండి, మధ్యాహ్నం తర్వాత విమానం చూసుకోండి.

ఇంత చెప్పినా కొందరికి ఓడ వద్దనే అంటాను. జనం అంటే చిరాకు వేరు, జనంలో ఊపిరాడనంత ఆందోళన వేరు. రెండోరకం వాళ్ళకి మొదటి రోజు టెర్మినలే భరించరానిదవుతుంది. అలాంటివాళ్ళకి నదుల మీద తిరిగే చిన్న ఓడలున్నాయి. యూరప్ నదుల్లో తిరిగేవాటిలో రెండు వందల లోపే ఉంటారు. మన దేశంలో 2023 జనవరిలో వారణాసి నుంచి బయలుదేరిన గంగా విలాస్‌లో 36 మందికే చోటు. ఖరీదు మాత్రం చుక్కల్లో ఉంటుంది.

సరే, అలాస్కాయే అనుకుంటే ఇప్పుడే చెయ్యాల్సిన పని ఒకటుంది. సియాటిల్ నుంచి వెళ్ళే పెద్ద ఓడలన్నీ కెనడాలోని విక్టోరియాలోనో మరో రేవులోనో ఆగుతాయి. విదేశీ జెండా ఎగరేసే ఓడ అమెరికా రేవుల మధ్యే ప్రయాణికుల్ని తిప్పకూడదని 1886 నాటి చట్టం ఒకటుంది, దానికోసం ఆగుతాయి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి అమెరికా వీసా ఒక్కటే చాలదు, కెనడా వీసా కూడా కావాలి. అది చేతికి రావడానికి వారాలు పట్టొచ్చు గనక గదికి డబ్బు కట్టకముందే దరఖాస్తు పెట్టండి.