పంజాబీ నాలుకపై ఇంగ్లీషు హల్లులు

లూధియానాలోనైనా లాహోరులోనైనా ఇంగ్లీషు నేర్చుకునే పంజాబీ విద్యార్థి ఉచ్చారణలో వినిపించే తేడాలను చాలామంది అశ్రద్ధవల్ల దొర్లే తప్పులుగా లెక్కగడతారు. ధ్వనిశాస్త్రం అలా అనదు. శైశవంలోనే మన చెవి మాతృభాషలోని వర్ణాలకు అలవాటు పడుతుంది. ఆపైన వినే పరభాషాధ్వనిని తనకు తెలిసిన వర్ణాల్లో అతి దగ్గరిదానితో జతచేస్తుంది. అందుకే ఈ తేడాలన్నీ ఒక క్రమంలో నడుస్తాయి.

ఇంగ్లీషు 'టీ', 'డీ' ధ్వనులు దంతమూలీయాలు. నాలుక కొన పైపళ్ళ వెనకున్న చిగురును తాకితే అవి పుడతాయి. పంజాబీలో ఆ స్థానంలో స్పర్శాలు లేవు. పళ్ళను తాకే త, ద ఉన్నాయి. నాలుకను వెనక్కి మడిచి పలికే మూర్ధన్యాలు ట, డ ఉన్నాయి. ఇంగ్లీషు ధ్వనికి పంజాబీ చెవి ట, డలనే ఎంచుకుంటుంది. ఖాళీగా మిగిలిన దంత్యాలు మరో పనికి వస్తాయి: 'థింక్' మొదట ఉన్న ఊష్మం మహాప్రాణ 'థ' అవుతుంది, 'దిస్'లోది 'ద' అవుతుంది. తెలుగువారు చేసే సర్దుబాటూ ఇదే.

అన్నిటికంటే ఆసక్తికరమైనది ఊపిరి సంగతి. పెదవులకు ఎదురుగా పలచని కాగితం పట్టుకుని ఇంగ్లీషువారు 'పిన్' అంటే కాగితం అదురుతుంది. 'స్పిన్' అంటే దాదాపు కదలదు. ఈ భేదం వారికి తెలియకుండానే జరిగిపోతుంది, కానీ పదాది 'ప'ను 'బ'నుంచి వేరుచేసే ప్రధానమైన గుర్తు ఆ ఊపిరే. పెదవులు విడివడ్డాక నాదం, అంటే స్వరతంత్రుల కంపనం, మొదలవడానికి ఇంగ్లీషు పదాది 'ప'లో సగటున 58 మిల్లీసెకన్లు, హిందీ అల్పప్రాణ 'ప'లో 13 మిల్లీసెకన్లు పడుతుందని పరిశోధకులు లిస్కర్, అబ్రామ్‌సన్ 1964లో కొలిచి చూపారు. పంజాబీ 'ప' కూడా ఈ రెండో కోవదే. ఇంగ్లీషు పదాది 'బ'లో నాదం ఇంచుమించు వెంటనే మొదలవుతుంది. కనుక పంజాబీ విద్యార్థి 'పిన్' అన్నా ఇంగ్లీషు చెవికి అది 'బిన్'గా తోచవచ్చు.

'వెస్ట్' అని మనం ఒకేలా రాసే రెండు మాటలు ఇంగ్లీషులో వేరు. పడమర అనే మాటకు పెదవులు గుండ్రంగా చుట్టాలి. దుస్తు పేరైన మాటకు కింది పెదవిని పైపళ్ళకు ఒరిపించాలి. పంజాబీలో ఈ రెంటికీ నడుమ ఉండే 'వ' ఒక్కటే కావడంతో రెండు మాటలూ ఒకటైపోతాయి.

పదాదిలో 'స'తో మొదలయ్యే సంయుక్తాక్షరాలను పంజాబీ స్వరభక్తితో, అంటే నడుమ అచ్చు చేర్చి, విడదీస్తుంది: సకూల్, సటేషన్. గురుముఖి లిపిలో రాతా అలాగే ఉంటుంది. హిందీ ప్రాంతాల్లో అచ్చు ముందుకు వచ్చి 'ఇస్కూల్' అవుతుంది. మన పల్లెల 'ఇస్కూలు' ఆ దారిదే.

ఇవన్నీ చేతకానితనం కావనడానికి లండన్‌లోని సౌతాల్ నిదర్శనం. అక్కడి పంజాబీ కుటుంబాలవారి ఇంగ్లీషుపై దేవ్యానీ శర్మ, లావణ్య శంకరన్ 2011లో పరిశోధన ప్రచురించారు. బ్రిటన్‌లోనే పుట్టి స్థానిక ఉచ్చారణ చక్కగా వచ్చినవారిలోనూ మూర్ధన్య 'ట' నిలిచి ఉందని వారు గమనించారు. అది అక్కడ తమవాళ్ళమధ్య సామాజిక గుర్తుగా కూడా పనిచేస్తోంది.

మరి బడిలో దేన్ని దిద్దాలి? అర్థానికి అడ్డొచ్చేవాటిని ముందు దిద్దాలి. వేర్వేరు మాతృభాషలవారు ఇంగ్లీషులో మాట్లాడుకునేటప్పుడు 'థింక్', 'దిస్' ధ్వనులను మార్చి పలికినా అవగాహనకు పెద్దగా లోటు రాదని, పదాది ఊపిరి మాత్రం అవసరమని జెన్నిఫర్ జెంకిన్స్ 2000లో వచ్చిన తన గ్రంథంలో వాదించారు. ఆ ఊపిరి పంజాబీ పిల్లలకు కొత్తదేమీ కాదు. వారి భాషలో 'పల్' అంటే క్షణం, 'ఫల్' అంటే పండు. ఈ రెంటి భేదం వారికి పసితనం నుంచే తెలిసిందే. 'పండు మాటలోని ఊపిరిని పిన్‌లో పెట్టు' అని చెబితే పాఠం సగం పూర్తయినట్టే. పిల్లల మాతృభాష వర్ణవ్యవస్థను ఉపాధ్యాయ శిక్షణలో తప్పనిసరి పాఠ్యాంశం చేయాలి. అప్పుడే ఎగతాళితో కాకుండా ఎరుకతో ఉచ్చారణ నేర్పగలం.