మాటు అతకలేదెందుకు?

కారుతున్న ఇత్తడి బిందెకు మాటు వేయడం మీలో ఎంతమంది చూశారు? చూడనివారు ఇంట్లో అవ్వనో తాతనో అడగండి. మాటు వేసేవాడు ముందుగా చిల్లు చుట్టూ మెరిసేదాకా గీకేవాడు. తరువాత ఆ చోటును బాగా కాచేవాడు. కాగిన లోహం మీద నవాసారం చల్లగానే గుప్పున తెల్లని పొగ లేచేది. అప్పుడుగాని కడ్డీ తాకించేవాడు కాదు. తాకించీ తాకించగానే అది కరిగి నీళ్లలా పరుచుకునేది.

ఈ నవాసారం మీకు తెలియనిది కాదు. ఉత్పతనం పాఠంలో చదువుకున్న అమ్మోనియం క్లోరైడే. వేడికి ఇది అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడు వాయువులుగా విడిపోతుంది. హైడ్రోజన్ క్లోరైడు లోహం మీది ఆక్సైడు పొరను తినివేస్తుంది. ఆ పొర ఉన్నంతసేపూ కరిగిన సోల్డరు చేమ ఆకు మీద నీటిబొట్టులా గుండ్రంగా దొర్లుతుందే తప్ప అంటుకోదు. పొర తొలగితే రాగి మీద పాకుతుంది. పాకడమే కాదు, సోల్డరులోని తగరం రాగితో కలిసి, ఆరు రాగి పరమాణువులకు అయిదు తగరం పరమాణువుల చొప్పున ఒక కొత్త పదార్థం పలుచని పొరగా ఏర్పడుతుంది. కాబట్టి సోల్డరును జిగురు అనుకోకండి. జిగురు పూస్తే చాలు, ఇది పూస్తే చాలదు.

ఇది తెలియక పాడైన ఒక ఆటపెట్టె సంగతి చెబుతాను. కర్నూలును ఆనుకుని ఉన్న మా కల్లూరులో ఒక అబ్బాయికి కువైట్‌లో పనిచేసే మేనమామ వీడియో గేమ్ పెట్టె తెచ్చి ఇచ్చాడు. టీవీ తీగను పదేపదే లాగడం వల్ల హెచ్‌డీఎంఐ సాకెట్టు ఊగిపోయి బొమ్మ రావడం మానేసింది. మామకు తెలియకముందే బాగుచేయాలని అబ్బాయి, వాళ్ల అన్న కలిసి సోల్డరింగు ఐరన్ పట్టుకున్నారు.

ఆ సాకెట్టుకు 19 సన్నని కాళ్లుంటాయి. ఒక కాలి నడుమ నుంచి పక్క కాలి నడుమకు దూరం అర మిల్లీమీటరు! ఇవి కాక సాకెట్టును బోర్డుకు బిగించే నాలుగు లావు కాళ్లు. అన్నగారు ఐరన్ కొనమీద సోల్డరు కరిగించి, దాన్ని తెచ్చి కాళ్లకు పులిమాడు. చాలామంది చేసే పని ఇదే. సోల్డరు తీగ లోపల నింపిన రోజిన్ ఆక్సైడును తొలగించడానికే ఉంది. కొనమీదే అది పొగైపోతే కాలి దగ్గరికి చేరేది వట్టి లోహం మాత్రమే. లావు కాళ్ల విషయం మరీ అన్యాయం. అవి బోర్డులోని వెడల్పాటి రాగి రేకుకు కలిసి ఉంటాయి. రాగి వేడిని ఎంత చురుకుగా లాక్కుపోతుందో మీకు తెలుసు కదా. కాలు కాగకముందే సోల్డరు గడ్డకట్టింది. పైకి ముద్దలా ఉన్నా, లోపల అతకలేదు. మెకానిక్కులు దీన్నే డ్రై జాయింటు అంటారు.

అతకలేదని ఇంకా కాల్చారు. ఇంట్లో ఉన్న, గిన్నెల మాటుకు వాడే పేస్టు పూశారు. అందులోని క్లోరైడు లవణాలు గాలిలోని తేమను పీల్చుకుని రాగిని తింటూనే ఉంటాయి. బిందెనైతే కడిగేస్తాం. బోర్డు మీద అది మిగిలిపోయి నాలుగు రోజులకు పచ్చని చిలుము పట్టింది.

అతుకుల బెడద పెద్ద కర్మాగారాలకూ తప్పలేదు సుమా! 2005లో మైక్రోసాఫ్ట్ సంస్థ విడుదల చేసిన ఎక్స్‌బాక్స్ 360 పెట్టెలు ఎన్నో ముందు మూడు ఎర్ర దీపాలు వెలిగించి మూగబోయాయి. 2007 జూలైలో సంస్థ వారంటీని మూడేళ్లకు పెంచి, అందుకు వంద కోట్ల డాలర్లకు పైగా కేటాయించవలసి వచ్చింది. ఆడినప్పుడు వేడెక్కి, ఆపినప్పుడు చల్లారి, లోపలి అతుకులు అలసి పగిలాయని సంస్థవారే 2021లో ఒక డాక్యుమెంటరీలో వివరించారు. ఆ రోజుల్లో కొందరు పెట్టెకు తువ్వాలు చుట్టి మరింత వేడెక్కించేవారట! కొన్ని పెట్టెలు కొద్దిరోజులు నడిచి మళ్లీ ఆగిపోయాయి.

మన పెట్టె చివరికి టీవీలు బాగుచేసే ఒక పెద్దాయన బల్ల మీదికి చేరింది. భూతద్దంలో చూసి, "కాలకముందే తెచ్చింటే ఇంత పని ఉండకపోవు గదా, అబ్బీ!" అన్నాడాయన. ముందు ఆల్కహాలుతో, మెత్తని బ్రష్షుతో చిలుమంతా కడిగాడు. తరువాత ఆయన చేసిన పని చూస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. తీయవలసిన సోల్డరుకు ఇంకా సోల్డరు కలిపాడు!

ఎందుకో చెబుతాను. ఇప్పటి బోర్డుల మీద సీసం లేని సోల్డరు ఉంటుంది. సీసం విషమని ఐరోపా దేశాలు 2006 జూలై నుంచి ఎలక్ట్రానిక్ వస్తువుల్లో దాన్ని కట్టడి చేశాయి. సీసం లేని ఈ రకం దాదాపు 217 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాని కరగదు. తగరం కరగడానికి 232 డిగ్రీలు, సీసానికి 327 డిగ్రీలు కావాలి. కాని 63 పాళ్ల తగరం, 37 పాళ్ల సీసం కలిపితే ఆ మిశ్రమం 183 డిగ్రీలకే కరుగుతుంది. రెండింటికంటే తక్కువ! పాతదానికి దీన్ని కలిపితే తక్కువ వేడికే అంతా కరిగి, బోర్డు బతుకుతుంది. కింది నుంచి వేడిగాలి కూడా పట్టించి సాకెట్టును మెల్లగా ఊడదీశాడు. మిగిలిన సోల్డరును రాగి జడతో, దీపంలో వత్తి నూనె పీల్చినట్టు, పీల్చించాడు.

అప్పుడు బయటపడింది అసలు నష్టం. బోర్డుకు అంటించి ఉండే సన్నని రాగి పట్టీలు రెండు అతి వేడికి లేచిపోయాయి. ఒకటి 14వ కాలిది. ఈ పెట్టెలో బొమ్మకు దానితో పనిలేదు కనుక వదిలేశాడు. రెండోది 19వ కాలిది. టీవీ తగిలించి ఉందని పెట్టెకు తెలిసేది ఈ కాలి ద్వారానే. ఆ కబురు అందకపోతే పెట్టెలో దీపం వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, బొమ్మ మాత్రం పంపదు. అన్నదమ్ములు చూసింది సరిగ్గా ఇదే. తెగిన రాగి దారిని కొంచెం పైన గీకి, అక్కడి నుంచి కొత్త సాకెట్టు కాలిదాకా వెంట్రుకంత తీగ వేశాడు. ఈసారి ఎలక్ట్రానిక్స్‌కు వాడే ఫ్లక్సు రాసి, కాలిని, పట్టీని ఒకేసారి కాచి, తీగను వాటికే తాకించాడు. అతుకు మెరుస్తూ, అంచుల్లో పలచబడి, కొండవాలులా నిలిచింది.

వెంటనే కరెంటు ఇవ్వలేదు. మీటరుతో ప్రతి కాలికీ పక్క కాలికీ మధ్య చూశాడు. ఎక్కడైనా సోల్డరు వంతెన కట్టి ఉంటే మీటరు కూత పెడుతుంది. ఒకచోట పెట్టింది. అయిదు, ఆరు కాళ్ల మధ్య కంటికి ఆనని పోగు! రాగి జడను మళ్లీ ఒకసారి తాకించి దాన్ని పీల్చేశాడు.

మీరు సోల్డరింగు నేర్చుకోదలిస్తే పనికిరాని రేడియో బోర్డుతో, పెద్దవారి దగ్గర, కిటికీ తెరిచి మొదలుపెట్టండి. పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోండి. మీరు పట్టుకున్న తీగలో సీసం ఉండవచ్చు. ఆటపెట్టె లోపలి కరెంటు డబ్బా జోలికి మాత్రం పోకండి. ప్లగ్గు పీకిన తరువాత కూడా అందులోని కెపాసిటర్లు కొంతసేపు విద్యుత్తును దాచుకునే ఉంటాయి.

ఆ పెట్టెలో బొమ్మ వచ్చింది. తీగను లాగకుండా సాకెట్టు దగ్గర పట్టుకుని తీయాలని పెద్దాయన అన్నదమ్ములిద్దరి చేతా నాలుగుసార్లు తీయించి, పెట్టించి మరీ పంపాడు.