కిలో తగ్గితే కాసులు!

కిలో బరువు తగ్గితే గ్రాము బంగారం! 2013 రంజాన్ మాసంలో దుబాయ్ నగరపాలక సంస్థ ఈ ప్రకటన చేయగానే వేలమంది పేర్లు నమోదు చేయించుకున్నారు. కనీసం రెండు కిలోలు తగ్గాలన్నది షరతు. 2022లో బెంగళూరు సంస్థ జెరోధా, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు సూచీ) 25 లోపున్న ఉద్యోగులకు సగం నెల జీతం బోనస్‌ అంది. అదే ఏడాది కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ, ఉజ్జయిని ఎంపీ అనిల్ ఫిరోజియా తగ్గే ఒక్కో కిలోకు ఆ నియోజకవర్గానికి వెయ్యి కోట్ల రూపాయలిస్తానని బహిరంగ సభలోనే మాటిచ్చారు. ఎంపీ కొన్ని నెలల్లోనే 15 కిలోలు తగ్గి చూపించారు.

ఆశ చూపితే మనిషి కదులుతాడు. కానీ తగ్గిన బరువు నిలుస్తుందా?

పోతుందన్న భయం

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 57 మందిపై చేసిన ప్రయోగం 2008లో వెలువడింది. కొందరికి లాటరీ పెట్టారు. కొందరి చేత సొంత డబ్బు కట్టించి, లక్ష్యం తప్పితే అది తిరిగి రాదన్నారు. పదహారు వారాల్లో ఈ రెండు బృందాలూ సగటున ఆరు కిలోలు తగ్గాయి. ఏ డబ్బూ లేని బృందం రెండు కిలోలైనా తగ్గలేదు. అయితే డబ్బు ఆగిన కొద్ది నెలలకే పోయిన బరువులో కొంత భాగం తిరిగొచ్చింది.

బ్రిటన్‌ ఈ పాఠం నేర్చుకుంది. బెల్‌ఫాస్ట్, బ్రిస్టల్, గ్లాస్గో నగరాల్లో 585 మంది పురుషులతో చేసిన ప్రయోగం ఫలితాలు 2024లో వచ్చాయి. ఒక బృందానికి రోజూ మెసేజీలు పంపుతూ, ‘ఈ 400 పౌండ్లు మీవే, లక్ష్యం తప్పితే తగ్గిపోతాయి’ అన్నారు. అందులో సగం, తగ్గిన బరువును ఏడాది చివరిదాకా నిలుపుకొన్నవారికే. ఏడాదికి ఈ బృందం సగటున 4.8 శాతం తగ్గింది, ఏ ప్రోత్సాహమూ లేనివారు 1.3 శాతమే. వంద కిలోల మనిషికి 4.8 శాతమంటే దాదాపు అయిదు కిలోలు. వచ్చేదాని మీది ఆశకన్నా చేతిలో ఉన్నది పోతుందన్న బాధే మనల్ని గట్టిగా కదిలిస్తుంది.

కంటికి కనపడని డబ్బు

పెన్సిల్వేనియాలోనే ఉద్యోగులకు బీమా ప్రీమియంలో 550 డాలర్ల రాయితీ ఇస్తామన్న మరో ప్రయోగం విఫలమైందని 2016లో తేలింది. జీతం లెక్కల్లో కలిసిపోయిన రాయితీ ఎవరినీ కదిలించలేకపోయింది. డబ్బు కంటికి కనపడాలి, తరచూ గుర్తుకు రావాలి.

మన దగ్గర

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళల్లో మూడోవంతుకు పైగా, తెలంగాణలో పదిమందిలో ముగ్గురు అధిక బరువుతో ఉన్నారు. అందుకే మన సంస్థలూ ఇలాంటి పథకాల గురించి ఆలోచించాలి, జాగ్రత్తగా. బీఎంఐ ఒక్కటే గీటురాయి అయితే ఇప్పటికే సన్నగా ఉన్నవారికి బహుమతి అందుతుంది. బీఎంఐ 32 నుంచి 28కి చెమటోడ్చి దిగినవారికి ఏమీ దక్కదు. నెలరోజుల పందెం పెడితే కడుపు మాడ్చుకునేవారు తయారవుతారు. బరువు పెరిగితే జరిమానా అంటే అది శిక్షే.

యాజమాన్యాలకు మా మనవి ఒక్కటే. పథకం ఇష్టమైనవారికే ఉండాలి, తూకం గోప్యంగా జరగాలి, వైద్యుడి సలహా అందాలి. మొదటి నెలలో తగ్గిన కిలోలకు కాదు, ఏడాది తర్వాత కూడా నిలిచిన ఆరోగ్యానికి డబ్బివ్వండి.