రిమోట్ రేసు పడవకు మూత బిగింపు

రిమోట్‌తో నడిచే రేసు పడవ పైభాగంలో విడదీయగల మూత ఉంటుంది. బ్యాటరీ, మోటారు, మోటారు వేగాన్ని అదుపుచేసే ఈఎస్‌సీ, చుక్కానిని తిప్పే సర్వో, రిమోట్ సంకేతాలను అందుకునే రిసీవర్ అన్నీ దాని కిందే ఉంటాయి. ఈ మూతను హాచ్ అంటారు. ఇంజను మీదుగా గాలి సాఫీగా జారిపోయేలా అమర్చే ఉబ్బెత్తు తొడుగు కౌల్. హాచ్ నీటిని ఆపాలి, కౌల్ గాలికి దారి చూపాలి. రెండింటి పనులు వేరు కాబట్టి బిగించే పద్ధతులూ వేరు.

ఈ పడవలకు గంటకు 72 కిలోమీటర్ల వేగం, అంటే సెకనుకు 20 మీటర్లు, అసాధారణం కాదు. ఆ వేగంలో ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 25 కిలోల బరువుతో సమానం. 30 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న మూత కిందికి ఆ గాలి దూరితే, దాదాపు ఒక కిలో బలం మూతను పైకి లేపుతుంది. నీటి దెబ్బ ఇంకా తీవ్రం. గాలి కంటే నీటి సాంద్రత 800 రెట్లకు పైగా ఎక్కువ. అదే వేగంలో అల నేరుగా తగిలిన చోట చదరపు సెంటీమీటరుకు 2 కిలోల ఒత్తిడి పడుతుంది.

పడవ ముక్కు పైకి లేచి వెనక్కి తిరగబడినప్పుడు ఆ దెబ్బంతా మూత మీదే పడుతుంది. 2018 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణా నదిలో మనుషులు నడిపే ఎఫ్1హెచ్2ఓ ప్రపంచ చాంపియన్‌షిప్ రేసు పడవలు పరుగెత్తాయి. అలాంటి జంట పొట్టల పడవలకు మధ్యలోని సొరంగంలో చేరే గాలే వేగాన్నిస్తుంది. ఆ గాలి హద్దు మీరితే ముక్కు లేస్తుంది. చిన్న నమూనాలకూ ఇదే ప్రమాదం ఉంది.

మూతను వదులు చేసే మూడో బలం ఎండ. రామగుండం, మంచిర్యాల ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రతలు 45 డిగ్రీలు దాటుతాయి. ఎండలో ఉంచిన పడవ లోపలి గాలి 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే, ఎక్కడా సందు లేనప్పుడు పీడనం పదో వంతు పెరుగుతుంది. పైన చెప్పిన కొలతల మూత మీద అది 30 కిలోలకు మించిన తోపు. నిజానికి అంత దాకా రాకముందే మూత ఉబ్బి, అంచు లేచి గాలి బయటికి పోతుంది. తర్వాత పడవ చల్లని నీటిలో దిగగానే లోపలి గాలి కుదించుకుపోయి, అదే సందులోంచి నీటిని పీల్చుకుంటుంది. అందుకే పడవను నీడలో ఉంచి, నీటిలో దించే ముందు మాత్రమే మూత బిగించాలి.

బిగింపులోని అసలు సూత్రం మంచిర్యాల జిల్లాలోని జైపూర్ చుట్టుపక్కల సింగరేణి బొగ్గు గనుల ఎలక్ట్రీషియన్లకు బాగా తెలిసినదే. మీథేన్ చేరే అవకాశం ఉన్న భూగర్భ గనుల్లో మోటార్లను, స్విచ్‌లను ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెల్లో అమరుస్తారు. పెట్టె లోపల వాయువు పేలినా, వెడల్పాటి లోహపు అంచుల నడుమ ఉన్న సన్నని సందు దాటేసరికి మంట చల్లారిపోతుంది. ఒక్క బోల్టు లేకపోయినా ఆ సందు పెరిగి రక్షణ పోతుంది. పడవ మూతకు లోహపు అంచు బదులు మెత్తని గాస్కెట్ వాడతారు గానీ నియమం అదే. అంచు పొడవునా ఒత్తిడి సమంగా ఉండాలి. ఒకచోట గట్టిగా, మరోచోట వదులుగా ఉన్న మూత మొత్తంగా వదులు మూతే.

అందుకు మొదట పడవ పైకప్పులోని రంధ్రం చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల ఎత్తు గట్టు కట్టాలి. పైకప్పు మీద పారే నీరు ఆ గట్టు దగ్గరే ఆగిపోతుంది. గట్టుకూ మూతకూ మధ్య గాలి గదులు మూసుకుని ఉండే ఫోమ్ పట్టీ అంటించాలి. మామూలు స్పాంజి నీటిని పీల్చుకుంటుంది కాబట్టి పనికిరాదు. పట్టీ మీద సుద్దపొడి రాసి మూతను ఒకసారి నొక్కి తీస్తే, పొడి అంటని చోటే సందు ఉన్నట్టు తెలుస్తుంది.

మూత ముందు అంచు మీద భారం ఎక్కువ. అక్కడ పైకప్పు కిందికి దూరే నాలుక ఉంటే నీటి తాకిడిని అదే భరిస్తుంది. వెనకవైపు చేత్తో తిప్పే స్క్రూలు చాలు. ఫైబర్‌గ్లాసులో నేరుగా కోసిన మరలు త్వరగా అరిగిపోతాయి కాబట్టి ఇత్తడి మరబిళ్లలు అమర్చాలి. స్క్రూ తల కింద రబ్బరు వాషరు ఉండాలి. పలుచని మూత రెండు స్క్రూల మధ్య వంగుతుంది. స్క్రూలైనా పెంచాలి, లేదా మూత అడుగున పట్టీ వేసి గట్టిపరచాలి.

ఎక్కువమంది పోటీదారులు నమ్మేది పారదర్శకమైన వాటర్‌ప్రూఫ్ టేపును. ఉపరితలం పూర్తిగా ఆరి ఉండాలి, స్పిరిట్‌తో తుడవాలి. గూనపెంకులు నేసినట్టే, ముందు వచ్చే ముక్క వెనక ముక్కను కప్పాలి. కాబట్టి మొదట వెనక అంచుకు, తర్వాత పక్కలకు, చివరగా ముందు అంచుకు అంటించాలి. అప్పుడు నీరు అతుకుల మీదుగా జారిపోతుంది. టేపు కొసను కాస్త మడిచి ఉంచితే విప్పడం తేలిక.

అయస్కాంతాలు నేరుగా పైకి లాగే బలానికి బాగా నిలుస్తాయి, పక్కకు జారే బలానికి కాదు. మధ్యలో పలుచని పొర అడ్డొచ్చినా పట్టు బాగా తగ్గుతుంది. మామూలు రకం నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది, పైపూత చిట్లితే తుప్పు పడుతుంది. పక్కకు జరగకుండా ఆపే పిన్నులు తోడుంటే కౌల్‌కు ఇవి సరిపోతాయి.

పెట్రోలు, నైట్రో ఇంజన్ల పడవల్లో కౌల్‌ను మూసివేయకూడదు. ఇంజనుకు గాలి అందాలి, ఇంధన ఆవిరి బయటికి పోవాలి. రిసీవరును, సర్వోను వేరే పెట్టెలో పెట్టి ఆ పెట్టెకే నీరు చొరని మూత వేస్తారు. ఇంజను నూనె చిందే చోట టేపు నిలవదు కాబట్టి స్క్రూలే వాడాలి.

బోల్తాపడితే తనంతట తానే లేచే పడవల్లో ఒక పక్క గదిలోకి నీరు కావాలనే చేరుతుంది. ఆ బరువుకు పడవ తిరుగుతుంది. హాచ్ కారితే ప్రధాన గదిలోనూ నీరు నిండి ఈ ఏర్పాటు పనిచేయదు. ఏ పడవలోనైనా ముక్కు భాగంలో తగినంత ఫోమ్ నింపితే మూత ఊడినా పడవ మునగదు. మూత అడుగునా కాస్త ఫోమ్ అంటించి, మూతను దారంతో పడవకు కట్టాలి.

మూతను పరీక్షించడానికి లోపల టిష్యూ కాగితం పరిచి, బ్యాటరీ లేకుండా పడవను తొట్టిలో ముంచి చూడాలి. తడిసిన చోటే లోపం. పరుగు పూర్తయ్యాక ప్రొపెల్లరుకు చేతులు దూరంగా ఉంచి, వెంటనే మూత తెరిచి బ్యాటరీని విడదీయాలి. లిథియం పాలిమర్ బ్యాటరీ వేడెక్కినా తడిసినా ప్రమాదమే. కాబట్టి మంచి బిగింపు నీటిని ఆపడమే కాదు, అవసరమైన క్షణంలో త్వరగా విడిపోవాలి కూడా. చివరగా లోపలి తడి తుడిచి, గాస్కెట్ నలిగిపోకుండా మూతను తెరిచి ఉంచే పడవను భద్రపరచాలి.